చియారీ ఆపరేషన్ తర్వాత మెదడు నీటి దారి ఎలా మారుతుంది

చిన్నమెదడు కొసలు పుర్రె అడుగు రంధ్రంలోంచి మెడవైపు జారే లోపాన్ని చియారీ అంటారు. దానికి ఆపరేషన్ చేయించుకుని విశాఖ నుంచి శ్రీకాకుళం తిరిగొచ్చిన కుటుంబాన్ని ఎక్కువగా కంగారుపెట్టేది కొన్ని నెలల తర్వాత చేతికొచ్చే ఎంఆర్ఐ రిపోర్టు. చిన్నమెదడు కొసలు ఇంకా కిందకే ఉన్నాయని అందులో రాసి ఉంటుంది. మొదటి రిపోర్టులో 9 మిల్లీమీటర్లు అని ఉన్నచోట ఇప్పుడు 7 అనో, ఒక్కోసారి అదే 9 అనో కనిపిస్తుంది. ఎముక తీశారు, పొర కోశారు, రోజుల తరబడి ఆసుపత్రిలో ఉంచారు. అయినా జారింది జారినట్టే ఉంటే ఇంత చేసి లాభమేమిటని ఇంటిల్లిపాదీ దిగులు పడతారు. ఊళ్లో తెలిసినవాళ్లు ఆపరేషన్ ఫెయిలైందని తేల్చేస్తారు. నిజానికి ఆ అంకె ఆపరేషన్ ఫలితాన్ని చెప్పదు. జారిన భాగాన్ని పైకి నెట్టడం ఈ ఆపరేషన్ ఉద్దేశం కాదు. దాని చుట్టూ నీరు కదలడానికి చోటు కల్పించడమే ఉద్దేశం. ఆ నీరు ఎలా కదులుతుంది, ఎక్కడ అడ్డం పడుతుంది, ఎముక తీశాక ఏం మారుతుంది అన్నవి తెలిస్తే రిపోర్టులో ముందు దేనికోసం వెతకాలో తెలుస్తుంది.

మెదడూ వెన్నుపామూ నీళ్లలా తేటగా ఉండే ఒక ద్రవంలో తేలుతుంటాయి. డాక్టర్లు దాన్ని సీఎస్ఎఫ్ అంటారు, వాడుకలో మెదడు నీరు. పెద్దవాళ్లలో ఎప్పుడు చూసినా 150 మిల్లీలీటర్ల ప్రాంతంలో ఉంటుంది. రోజు మొత్తంలో అర లీటరు దాకా కొత్తగా ఊరుతుంది, అంతా తిరిగి రక్తంలోకి ఇంకిపోతుంది. అంటే ఉన్న నీరంతా రోజుకు మూడు నాలుగుసార్లు మారిపోతుంది. ఎక్కువ భాగం మెదడు లోపలి గదుల్లో, కోరాయిడ్ ప్లెక్సస్ అనే రక్తనాళాల గుత్తుల్లో తయారవుతుంది. అక్కడి నుంచి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దిగుతూ చిన్నమెదడు ముందున్న నాలుగో గదికి చేరుతుంది. ఆ గదికి నడుమ ఒకటి, పక్కల రెండు చిన్న రంధ్రాలున్నాయి. వాటి గుండా బయటికొచ్చి మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ పరుచుకుంటుంది.

ఈ ఊరడం, ఇంకడం నిదానంగా సాగే వ్యవహారం. చియారీలో అసలు చిక్కు దీనితో కాదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా జరిగే నీటి రాకపోకలతో. పుర్రె గట్టి ఎముక, సాగదు. లోపల ఉన్నవి మెదడు, రక్తం, నీరు. వీటిలో ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గి తీరాలి. స్కాట్లాండ్ వైద్యులు అలెగ్జాండర్ మన్రో 1783లో, జార్జ్ కెల్లీ 1824లో వేసిన ఈ సూత్రం మీదే నేటికీ న్యూరోసర్జరీ నడుస్తోంది. గుండె రక్తం పంపిన ప్రతిసారీ మెదడు పిసరంత ఉబ్బుతుంది. దానికి చోటివ్వడానికి కొంత నీరు పుర్రె వదిలి కిందకు పోవాలి. మెదడు వెన్నుపాముగా మారేచోట, పుర్రె అడుగున, మూడు సెంటీమీటర్ల పైచిలుకు ఉండే పెద్ద రంధ్రం ఉంది. దాన్నే ఫొరామెన్ మాగ్నమ్ అంటారు. గుండె కొట్టిన ప్రతిసారీ సుమారు అర మిల్లీలీటరు నీరు ఆ రంధ్రం గుండా వెన్ను కాలువలోకి దిగుతుంది, గుండె సడలగానే తిరిగి పైకొస్తుంది. నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు, పగలూ రాత్రీ, మనిషి బతికున్నంత కాలం ఇది సాగుతూనే ఉండాలి.

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగ చూసినవారికి ఈ కదలిక తేలిగ్గానే అర్థమవుతుంది. నది నీరు నిదానంగా కిందకు వస్తూనే ఉంటుంది. దానికి తోడు పోటుకు లోపలికి, ఆటుకు బయటికి నీరు ఊగుతుంటుంది. ఇసుక మేట వేసి మొగ ఇరుకైతే మిగిలిన సందులో నీరు సుడులు తిరుగుతూ వడిగా దూకుతుంది. మేటకు ఈవలి మట్టం ఆవలి మట్టంతో సమానం కావడానికి ఆలస్యం అవుతుంది. ఆ వడి చూసి ప్రవాహం బాగుందనుకుంటే పొరపాటు, వడి పెరగడమే ఇరుకుకు గుర్తు. చియారీ రోగుల స్కాన్లలో కనిపించేదీ అదే, అందుకే దీన్ని ఇంత వివరంగా చెప్పాల్సి వచ్చింది.

చియారీలో మేట వేసినట్టు అడ్డం పడేవి చిన్నమెదడు అడుగున ఉండే రెండు కొసలు. వాటిని కూడా టాన్సిల్స్ అనే పిలుస్తారు, గొంతులో ఉండేవాటితో వీటికి ఏ సంబంధమూ లేదు. ఆస్ట్రియాకు చెందిన పాథాలజిస్టు హాన్స్ చియారీ 1891లో ప్రాగ్ నగరంలో పనిచేస్తూ ఈ లోపాన్ని రకాలుగా విడదీసి రాశాడు. మొదటి రకానికి ఆయన చూపిన ఉదాహరణ టైఫాయిడ్‌తో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి. టాన్సిల్స్ జారినందువల్ల ఆమెకు బతికుండగా ఏ బాధా కనిపించలేదు. నూట ముప్పై ఏళ్ల కిందటి ఆ మొదటి కేసులోనే నేటి రోగులకు ఎంతో అవసరమైన సంగతి ఉంది: కొసలు జారినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. రంధ్రం అంచు కంటే 5 మిల్లీమీటర్లు, అంతకు మించి దిగితే చియారీ మొదటి రకం అని రేడియాలజీ లెక్క. వేరే పనికి తీసిన ఎంఆర్ఐలో ఇది బయటపడి, ఏ బాధా లేకుండా జీవితమంతా గడిపేవాళ్లు చాలామంది. వెన్నుపూస మూసుకోకుండా పుట్టే పిల్లల్లో కనిపించే రెండో రకం వేరే జబ్బు, దాని వైద్యమూ వేరు.

కొసలు ఎందుకు జారతాయి? ఎక్కువమందిలో చిన్నమెదడు మామూలుగానే ఉంటుంది, అది కూర్చునే పుర్రె వెనక గది పుట్టుకతోనే చిన్నదిగా ఏర్పడుతుంది. చోటు చాలక కొసలు కిందకు దిగుతాయి. దిగినవి అక్కడ ఊరికే ఉండవు. గుండె కొట్టిన ప్రతిసారీ మెదడు ఉబ్బు వాటిని ఇంకొంచెం కిందకు తోస్తుంది, సడలినప్పుడు అవి పైకి లేస్తాయి. నీరు తిరగాల్సిన చోట మెదడు కొసలు తిరుగుతున్నాయన్నమాట. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో న్యూరోసర్జన్ ఎడ్వర్డ్ ఓల్డ్‌ఫీల్డ్ బృందం 1994లో దీన్ని పిస్టన్ అంది. దారిలేక వెన్ను కాలువలో చిక్కుకున్న నీటిమీద టాన్సిల్స్ ప్రతి నాడికీ ఒక దెబ్బ వేస్తాయని, ఆ ఒత్తిడి అలలు వెన్నుపాము చుట్టూ ఉన్న నీటిని రక్తనాళాల పక్క సందుల గుండా పాము లోపలికి తోస్తాయని వాళ్ల వివరణ.

దగ్గుతో వచ్చే తలపోటుకు కూడా కారణం ఇక్కడే దొరుకుతుంది. దగ్గినా, తుమ్మినా, ముక్కినా, ధాన్యం బస్తా ఎత్తినా ఛాతీలో, పొట్టలో ఒత్తిడి పెరిగి వెన్ను చుట్టూ ఉన్న సిరలు ఉబ్బుతాయి. వెన్నులోని నీరు ఒక్కసారిగా పుర్రెలోకి ఎగదన్నుతుంది. మామూలు మనిషిలో మరుక్షణమే దిగిపోతుంది. చియారీలో ఎక్కడమైతే ఎక్కుతుంది గానీ, దిగబోయేసరికి టాన్సిల్స్ రంధ్రంలో ఇంకాస్త కూరుకుని దారి మూసేస్తాయి. కొన్ని క్షణాలపాటు తలలో ఒత్తిడి ఎక్కువ, వెన్నులో తక్కువ. బ్రిటన్ సర్జన్ బెర్నార్డ్ విలియమ్స్ ఈ తేడాను రోగుల్లో ఏకకాలంలో కొలిచి చూపించాడు. అందుకే ఆ పోటు తల వెనక, మెడ మొదట్లో పగిలిపోయినట్టు వచ్చి, కాసేపట్లోనే తగ్గిపోతుంది. రోజంతా ఒక పక్క నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, వాంతులు అయితే అది మైగ్రేన్ కావచ్చు. ఎంఆర్ఐలో టాన్సిల్స్ జారినట్టు కనిపించినా, ఆ తలనొప్పికి ఈ ఆపరేషన్ మందు కాదు. ఈ తేడా రోగి నోటి నుంచే తెలియాలి, స్కాన్ చెప్పలేదు.

వెన్నుపాము లోపలికి చేరిన నీరు క్రమంగా ఒక పొడవాటి తిత్తిగా మారుతుంది. దాన్ని సిరింక్స్ అంటారు. చియారీ వల్ల జరిగే శాశ్వత నష్టంలో ఎక్కువ భాగం దీనివల్లే. అది ఎలా పుడుతుందన్న ప్రశ్నకు డెబ్బై ఏళ్లుగా వాదాలు నడుస్తున్నాయి. క్లీవ్‌ల్యాండ్ సర్జన్ జేమ్స్ గార్డ్‌నర్ 1950ల నుంచి చెప్పిన దాని ప్రకారం, నాలుగో గది రంధ్రం మూసుకుపోయి, నాడి దెబ్బకు నీరు వెన్నుపాము నడిమి సన్న కాలువలోకి దూరుతుంది. అందుకని ఆ కాలువ నోట్లో కండముక్క పెట్టి మూసేవారు. ఎంఆర్ఐ వచ్చాక చాలామందిలో నాలుగో గదికీ తిత్తికీ మధ్య దారే లేదని తేలింది, ఆ పద్ధతి వెనకబడింది. ఓల్డ్‌ఫీల్డ్ పిస్టన్ సిద్ధాంతం ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది. అయితే తిత్తిలోని నీరు బయటినుంచి వచ్చిందా, వెన్నుపాము కణజాలంలోనే పుట్టిందా అన్న వాదన ఇంకా ముగియలేదు. ఏ సిద్ధాంతం గెలిచినా వైద్యం మాత్రం ఒక్కటే అవుతోంది. తిత్తికి సూది పెట్టి నీరు తీయడం కంటే రంధ్రం దగ్గర దారి తెరవడం ముందు చేయాలి. దారి తెరిస్తే తిత్తి దానంతటదే కుంచించుకుపోతుంది. కారణం నీటి రాకపోకల్లో ఉందనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు.

సిరింక్స్ ముందుగా దెబ్బతీసేది నొప్పినీ, వేడినీ మోసే నరాల తీగలను. అవి వెన్నుపాము నడిమిలో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దాటుతాయి, తిత్తి పెరిగేదీ సరిగ్గా అక్కడే. స్పర్శను మోసేవి వెనక భాగంలో వెళ్తాయి కాబట్టి చాలాకాలం బాగానే ఉంటాయి. పలాస జీడి పరిశ్రమలో పిక్కలు కాల్చి కొట్టి పప్పు తీసే మహిళ విషయంలో దీన్ని ఊహించుకుంటే ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. చేతిలో పిక్క ఉందని ఆమెకు తెలుస్తుంది, పప్పు విరగకుండా తీయగలుగుతుంది. అది ఎంత వేడిగా ఉందో, జీడి సొన ఎక్కడ చర్మాన్ని తింటోందో తెలియదు. వేళ్లమీద బొబ్బలు, మానిన మచ్చలు, మళ్లీ కొత్త పుళ్లు. ఆ పనిలో చేతులు కాలడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నొప్పి తెలియడం లేదన్న సంగతి ఆమె కూడా డాక్టరు దగ్గర చెప్పకపోవచ్చు, ఎందుకంటే లేని నొప్పి గురించి ఫిర్యాదు చేయాలని ఎవరికీ తోచదు. అడగాల్సింది డాక్టరే.

శ్రీకాకుళం, విజయనగరం ఒకప్పుడు కుష్ఠు బాగా ఎక్కువగా ఉన్న జిల్లాలు. నొప్పి తెలియని పుళ్లు, వంకరపోయిన వేళ్లు చూడగానే ఇక్కడ మొదట అనుమానం అటే పోతుంది, పోవడమూ సబబే. విడదీయడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. కుష్ఠులో చర్మంమీద స్పర్శ లేని మచ్చలుంటాయి, మోచేతి దగ్గర నరం తాడులా లావై చేతికి తగులుతుంది, దూది తాకించినా తెలియదు. సిరింక్స్‌లో దూది తాకితే తెలుస్తుంది, గుండుసూది గుచ్చితే మాత్రం నొప్పి ఉండదు, వేడి చల్లన తేడా ఉండదు. ఆ లోపం రెండు భుజాలమీదుగా చేతుల్లోకి శాలువా కప్పుకున్నంత మేర ఉంటుంది. మోకాళ్ల దగ్గర కొట్టిచూస్తే కాళ్లు మామూలు కంటే ఎక్కువ ఎగురుతాయి. షుగరు వల్ల వచ్చే తిమ్మిరి అయితే పాదాల నుంచి మొదలవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక సూది, ఒక దూది, రెండు గాజు గొట్టాల్లో వేడినీళ్లూ చన్నీళ్లూ ఉంటే ఈ పరీక్ష అయిపోతుంది. పిల్లల్లోనైతే వెన్ను పక్కకు వంకరపోవడమే మొదటి గుర్తు కావచ్చు.

నీటి కదలికను చూడటానికి వాడేది సినీ ఎంఆర్ఐ. గుండె చప్పుడుతో కలిపి, ఒక్కో నాడిలో వేర్వేరు క్షణాల్లో నీరు ఏ దిక్కుకు, ఎంత వేగంగా పోతోందో కొలిచి చూపిస్తుంది. కిందకు పోయే నీరు ఒక రంగులో, పైకొచ్చేది దానికి వ్యతిరేకమైన రంగులో కనిపిస్తుంది. మామూలు మనిషిలో ఫొరామెన్ మాగ్నమ్ దగ్గర వేగం సెకనుకు కొద్ది సెంటీమీటర్లే, వెన్నుపాము చుట్టూ దాదాపు అంతటా ఒకేలా ఉంటుంది. చియారీలో టాన్సిల్స్ వెనక వైపు నీరు దాదాపు నిలిచిపోతుంది. ముందు పక్క సందుల్లో మాత్రం సన్నటి ధారలు మామూలు కంటే ఎంతో వేగంగా దూకుతాయి. ఒకే క్షణంలో ఒక చోట పైకి, పక్కనే కిందకు పోవడమూ కనిపిస్తుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ పరీక్షకు నరంలోకి ఏ రంగు మందూ ఎక్కించరు. కిడ్నీ దెబ్బతిన్నవారికి ఎంఆర్ఐ రంగు మందు ఇవ్వాలంటే డాక్టర్లు వెనకాడతారు, ఆ భయంతో ఈ స్కాన్‌ను వాయిదా వేసుకోనక్కర్లేదు. భయపడాల్సింది వేరే ఉంది. దగ్గు తలపోటుకూ, మెడనొప్పికీ కారణం తెలుసుకోకుండా మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని నెలల తరబడి మింగితే, ఇప్పటికే కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్న కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో ఆ బిళ్లలు చేసే చెరుపు తలపోటు కంటే పెద్దది.

ఇక ఆపరేషన్. రోగిని బోర్లా పడుకోబెట్టి, తలను పిన్నుల చట్రంలో కదలకుండా బిగించి, తల వెనక నుంచి మెడ పైభాగం దాకా నడిమిలో కోస్తారు. కండరాలు పక్కకు తప్పించి, పుర్రె వెనక అడుగు ఎముకలో సుమారు మూడు సెంటీమీటర్ల మేర తీసేస్తారు. మొదటి మెడపూస వెనక కమాను కూడా తీస్తారు. ఈ రెంటి నడుమ చాలామందిలో దళసరి పట్టీలా ఒక పొర బిగుసుకుని ఉంటుంది, దాన్ని కోస్తారు. ఇక్కడితో ఎముక ఒత్తిడి పోయింది. తర్వాత మిగిలేది డ్యూరా, అంటే మెదడును చుట్టిన గట్టి పొర. కొందరు సర్జన్లు ఇక్కడ అల్ట్రాసౌండ్ పెట్టి, టాన్సిల్స్ వెనక నీరు కనబడుతోందా, కొసల పిస్టన్ ఊపు తగ్గిందా అని చూస్తారు. తగ్గితే ఆగిపోవచ్చు. తగ్గకపోతే డ్యూరాను కోసి, రోగి శరీరం నుంచే తీసిన పొరతోగానీ, తయారైన పొరతోగానీ అతుకు వేసి కుడతారు. డ్యూరా లోపల ఉండే సన్నటి అరాక్నాయిడ్ పొర అతుక్కుపోయి నాలుగో గది నోరు మూసుకుని ఉంటే ఆ అతుకులు విడదీస్తారు. అవసరమైతే టాన్సిల్స్ కొసలను కరెంటు పట్టకారుతో కుంచింపజేస్తారు. ఇంత కత్తిరింపు జరుగుతున్నా మెదడును పైకి లాగే పని ఎక్కడా ఉండదు.

ఎముక తీసి ఆగాలా, డ్యూరా కూడా తెరవాలా అన్నదే ఈ శస్త్రచికిత్సలో పెద్ద వివాదం. ఎముక మాత్రమే తీస్తే నీరు కారడం, క్రిములు సోకడం వంటి చిక్కులు తక్కువ, కానీ దారి పూర్తిగా తెరుచుకోక మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లు ఎక్కువ. డ్యూరా తెరిచి అతుకు వేస్తే నీటికి దొరికే చోటు ఎక్కువ, చిక్కులూ ఎక్కువ. సిరింక్స్ లేని పిల్లల్లో మొదటి పద్ధతి చాలని, పెద్ద సిరింక్స్ ఉన్న పెద్దవాళ్లలో రెండోది మేలని మొగ్గు చూపేవారు ఎక్కువమంది. నీటి ప్రవాహం కోణంలో ఆలోచిస్తే ఇది న్యాయంగానే కనిపిస్తుంది. పిల్లల డ్యూరా సాగుతుంది, ఎముక అడ్డు పోగానే వెనక చోటు ఏర్పడవచ్చు. ఏళ్ల తరబడి అతుక్కుపోయిన పొరలున్న పెద్దవాళ్లలో ఎముక తీసినా అడ్డు లోపలే మిగిలిపోతుంది.

ఎముక ఎంత తీయాలన్నదీ చిన్న విషయం కాదు. తక్కువ తీస్తే అడ్డు మిగులుతుంది. మరీ ఎక్కువ తీస్తే ఆధారం లేక చిన్నమెదడే ఆ ఖాళీలోకి జారి, కొత్తగా చేసిన చోటును అదే పూడ్చేస్తుంది. నీటి దారి మళ్లీ మూసుకుపోతుంది.

ఆపరేషన్ బాగా జరిగినవారిలో ప్రవాహం మారే తీరు ఇలా ఉంటుంది. టాన్సిల్స్ వెనక, అంతకుముందు ఏమీ లేనిచోట, ఎంఆర్ఐలో తెల్లటి నీటి జాగా కనిపిస్తుంది. ఇందాక చెప్పిన రిపోర్టులో మిల్లీమీటర్ల కంటే ముందు వెతకాల్సింది దీన్నే. సినీ ఎంఆర్ఐలో సన్న ధారల వేగం తగ్గుతుంది. వేగం తగ్గిందన్న మాట చదివి భయపడకూడదు. దారి వెడల్పై, అంతే నీరు నిదానంగా, అన్ని వైపులా సమంగా పోతోందని దానర్థం. నాడి కొట్టినప్పుడు కిందకు పోయే సమయం కొంచెం పొడుగవుతుంది, కుదుపు తగ్గుతుంది. టాన్సిల్స్ పైకీ కిందకీ ఊగడం చాలావరకు ఆగుతుంది, కొద్ది నెలల్లో వాటి మొనదేలిన కొసలు గుండ్రబడటమూ కనిపిస్తుంది. దగ్గినప్పుడు తలకూ వెన్నుకూ మధ్య వచ్చే ఒత్తిడి తేడా పోతుంది. అన్నిటికంటే ముందుగా, అన్నిటికంటే బాగా తగ్గేది దగ్గు తలపోటే కావడానికి కారణం ఇది. ఆపరేషన్ గాయం నొప్పి తగ్గిన కొద్ది వారాల్లోనే చాలామంది ఆ తేడా చెప్పగలుగుతారు.

సిరింక్స్ అంత తొందరగా తగ్గదు. నీరు తోయడం ఆగిపోయినా, చేరిన నీరు మెల్లగా బయటికి పోవాలి. కొందరిలో వారాల్లో, ఎక్కువమందిలో నెలల్లో తిత్తి సన్నబడుతుంది. ఏడాది దాటాక కూడా తగ్గుతూ పోవచ్చు. పూర్తిగా మాయం కావాలన్న నియమం లేదు. ఉబ్బి బిగుసుకున్న తిత్తి ముడతలుపడి సన్నటి గీతలా మిగిలితే చాలు. చేతుల సంగతి అంత సులువు కాదు. నొప్పి, వేడి తెలిపే తీగలు చచ్చిపోతే అవి తిరిగి మొలవవు. చూపుడువేలు బొటనవేలు మధ్య కండ కరిగిపోయి గుంట పడితే, తిత్తి పోయినా ఆ గుంట నిండేది చాలా తక్కువ. ఆపరేషన్ జరగబోయే నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయినదాన్ని కొద్దిగానే వెనక్కి తెస్తుంది. పలాసలో బొబ్బల చేతులతో పదేళ్లు పనిచేసిన మనిషికీ, ఆరు నెలలకే సూది పరీక్ష జరిగిన మనిషికీ మధ్య తేడా ఇదే, దీన్ని ఏ సర్జన్ నైపుణ్యమూ పూడ్చలేదు. చేతులకు వేడి తెలియనివారు ఆపరేషన్ తర్వాత కూడా పొయ్యి దగ్గర, బట్టీ దగ్గర కళ్లతో చూసుకుంటూ, గుడ్డ పట్టుకుంటూ పనిచేయాల్సిందే.

ప్రవాహం మెరుగుపడితే రోగి తప్పకుండా బాగుపడతాడా? ఎక్కువసార్లు అవును, ప్రతిసారీ కాదు. సినీ ఎంఆర్ఐలో నీరు చక్కగా కదులుతున్నా మెడనొప్పి, కళ్లు తిరగడం మిగిలిపోయేవారుంటారు. మొదట్లోనే ప్రవాహం మరీ చెడిపోకుండా, దగ్గు తలపోటు మాత్రం తీవ్రంగా ఉన్నవారూ ఉంటారు. పడుకుని, కదలకుండా, మామూలుగా ఊపిరి పీలుస్తున్నప్పుడు తీసిన స్కాన్ అది. దగ్గినప్పుడు ఏం జరుగుతుందో అందులో పూర్తిగా తెలియదు. కాబట్టి ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది సినీ స్కాన్ ఒక్కటే నిర్ణయించకూడదు. రోగి చెప్పేది, నరాల పరీక్ష, వెన్ను మొత్తం తీసిన ఎంఆర్ఐ కలిపి చూడాలి. మెడ వరకే తీసి సిరింక్స్ లేదనుకోవడం తరచూ జరిగే పొరపాటు, తిత్తి కొందరిలో ఛాతీ వెనక భాగంలో ఉంటుంది.

దారి తెరవడమే తప్పయ్యే పరిస్థితులూ ఉన్నాయి. వెన్నులో ఎక్కడో పొర చిరిగి నీరు కారిపోతుంటే మెదడు కిందకు కుంగి, అచ్చం చియారీలాగే కనిపిస్తుంది. అలాంటివారికి లేచి నిలబడగానే తలనొప్పి, పడుకుంటే తగ్గడం ఉంటుంది. వాళ్లకు ఎముక తీస్తే మేలు జరగకపోగా ఇబ్బంది పెరుగుతుంది. మెదడు గదుల్లో నీరు పేరుకుపోయి ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, పైనుంచి ఒత్తిడి ఉన్నంతకాలం కింద దారి తెరిచినా నిలవదు. మెడ మొదటి రెండు పూసల అమరిక లోపాలు మన దేశంలో తక్కువేం కాదు. రెండో పూస కొన పుర్రెలోకి దూరి ముందు నుంచి మెదడు కాండాన్ని నొక్కుతుంటే, వెనక ఎముక తీసి లాభం లేదు. ముంబైకి చెందిన న్యూరోసర్జన్ అతుల్ గోయెల్ ఇంకా ముందుకెళ్లి, చియారీ అసలు కారణమే ఆ పూసల కదలిక అని, ఎముక తీయకుండా మొదటి రెండు పూసలను బిగిస్తే చాలని వాదిస్తున్నారు. ప్రపంచంలో ఎక్కువమంది సర్జన్లు దీన్ని అందరు రోగులకూ వర్తింపజేయడానికి ఒప్పుకోరు. కానీ తల వంచి, ఎత్తి తీసిన మెడ ఎక్స్‌రేలు చూడకుండా ఆపరేషన్‌కు వెళ్లకూడదన్న జాగ్రత్త మాత్రం ఈ వాదన వల్ల గట్టిపడింది.

చిక్కుల విషయానికొస్తే, ఎక్కువగా చెప్పుకోవాల్సింది నీటి కారుడు. డ్యూరా కుట్టిన చోట సందు దొరికితే నీరు కండరాల కిందకు చేరి మెడ వెనక మెత్తటి ఉబ్బు అవుతుంది, లేదా గాయంలోంచి తేటనీరు చుక్కలుగా కారుతుంది. చిన్న ఉబ్బులు వాటంతటవే ఇంకిపోవచ్చు, కారడం మాత్రం ఒక్కరోజు కూడా ఆగాల్సిన విషయం కాదు, ఎందుకంటే నీరు బయటికొచ్చే దారిలోనే క్రిములు లోపలికి పోతాయి. జ్వరం, మెడ బిగుసుకోవడం, విపరీతమైన తలనొప్పి ఉంటే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, అని అనుమానించాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ 100 కిలోమీటర్ల పైచిలుకు, ఇచ్ఛాపురం నుంచైతే 200 దాటుతుంది. అంత దూరం పోవాలి కదా అని నాలుగు రోజులు ఊళ్లోనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లతో నెట్టుకురావడం చాలా ప్రమాదం. డిశ్చార్జి రోజునే ఆసుపత్రి వార్డు నంబరు రాసిచ్చి, గాయం తడిస్తే ఏం చేయాలో ఇంటివాళ్లకు చెప్పి పంపడం ఉత్తరాంధ్ర రోగులకు శస్త్రచికిత్సలో భాగమే అనుకోవాలి. బరువులు మోయడం, మలవిసర్జనకు బాగా ముక్కడం మొదటి వారాల్లో వద్దనేది కూడా ఈ అతుకును కాపాడటానికే.

తర్వాతి స్కాన్ సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య తీస్తారు, సిరింక్స్ ఉన్నవారికి ఏడాదికి మళ్లీ తీస్తారు. తిత్తి ఎంత వెడల్పు ఉండేది, ఇప్పుడు ఎంత ఉంది అన్న పోలిక కావాలంటే పాత ఎంఆర్ఐ ఫిల్ములూ సీడీలూ దగ్గరుండాలి. చాలా ఇళ్లలో రిపోర్టు కాగితం మిగిలి సీడీ పోతుంది, అప్పుడు డాక్టరు పోల్చడానికి ఏమీ ఉండదు. ఏడాది గడిచినా తిత్తి తగ్గకపోతే, లేదా తగ్గి మళ్లీ పెరిగితే కారణం వెతకాలి. తీసిన ఎముక చాలలేదేమో, అరాక్నాయిడ్ మచ్చకట్టి నాలుగో గది నోటిని మళ్లీ మూసిందేమో, చిన్నమెదడు ఖాళీలోకి కుంగిందేమో, మెడపూసల కదలికను మొదట గమనించలేదేమో చూడాలి. సినీ ఎంఆర్ఐ మళ్లీ బాగా పనికొచ్చేది ఇక్కడే. టాన్సిల్స్ వెనక నీరు కదులుతుంటే ఇంకొంతకాలం ఆగవచ్చు. అక్కడ నీరు నిలిచిపోయి ముందు సందుల్లో ధారలు మళ్లీ వడిగా దూకుతుంటే దారి మూసుకుపోయిందని అర్థం. అప్పుడు రెండో ఆపరేషన్ గురించి సర్జన్‌తో కూర్చుని మాట్లాడాలి.